గుడియాత్తం కేకలు

గుడియాత్తంలో తెల్లవారగానే ముందు ఆకుకూరల కేక వస్తుంది. దాని వెనకే మజ్జిగ కేక. వాకిళ్ళలో ముగ్గులు ఆరేలోపు ఉప్పు కేక, నేతగాళ్ళు వీధిలో చాపిన పడుగుకు గంజి పట్టించడం ముగించే వేళకు వంకాయ కేక. ఏ కేక వచ్చిందో చూసుకుని ఆడవాళ్ళు పొయ్యి వెలిగిస్తారు, పిల్లలకు తలంటుతారు. కొనేవాళ్ళు ఇంట్లో లేకపోతే కేక వాకిట్లో కాసేపు నిలబడుతుంది. అమ్మే మనిషి గంప ఎత్తుకుని పక్క వీధికి వెళ్ళిపోయినా, కేక తనకు కావలసిన చెవి కోసం సందుల్లో తిరుగుతూనే ఉంటుంది. పొద్దున వేసిన మజ్జిగ కేక ఒక్కోసారి మధ్యాహ్నానికి, దుమ్ము కొట్టుకుని, గొంతు తగ్గి, ఏ బాలింత గుమ్మంలోకో చేరుతుంది. ఆ ఇంటివాళ్ళు చెంబు తీసుకుని మజ్జిగామె ఏ వీధిలో ఉందో వెతుక్కుంటూ పోతారు. కేక ఎదురొస్తే ఎద్దులబండివాళ్ళు కూడా కాస్త పక్కకు తీసి దారి ఇస్తారు. తాతల నాటి నుంచీ అంతే.

పెంచలమ్మకు ఆ ఊరు కొత్త. ఆమెది నెల్లూరికి పడమట, పెన్న ఒడ్డున ఒక పల్లె. చిత్తూరు వేరే జిల్లాగా విడిపోయిన మరుసటి ఏడు, ఎండాకాలంలో, కోడలు కామాక్షిని వెంటబెట్టుకుని తిరుపతి వచ్చింది. కొడుకు అంతకుముందు వానాకాలం విషజ్వరంతో పోయాడు. ఇంట్లో మిగిలింది అత్తాకోడళ్ళు ఇద్దరే. కొడుకు పేర మొక్కిన మొక్కు తీర్చుకుని సత్రానికి వచ్చాక, కామాక్షి నీళ్ళు తెస్తానని బిందె తీసుకుని వెళ్ళింది. బిందె సత్రం మెట్ల మీద దొరికింది. కామాక్షి దొరకలేదు.

పెంచలమ్మ తిరుపతి అంతా గాలించింది. చివరికి రైలు స్టేషన్ దగ్గర పూలమ్మే ఆమె చెప్పింది, పట్టుచీర కట్టిన ఒక ఆడమనిషి, పక్కన తలొంచుకున్న పడుచు, ఇద్దరూ కాట్పాడి రైలెక్కారని. పెంచలమ్మ తర్వాతి రైలు ఎక్కింది. కాట్పాడిలో దిగి, నడిచి పాలారు దాటి, రాయవేలూరు బజారులో వచ్చి పడింది. చుట్టూ అరవం. ఆమె అడిగేది వాళ్ళకు తెలియదు, వాళ్ళు చెప్పేది ఆమెకు తెలియదు. అడిగి అడిగి నోరు నొప్పి పుట్టి, కోట కందకం పక్కన కూలబడింది.

“యాడ నుంచి వచ్చినావమ్మా, మొగం అట్ల వాడిపోయుండాది” అని ఎవరో అడిగారు.

ఆ మాట చెవిన పడేసరికి పెంచలమ్మకు అప్పటిదాకా రాని ఏడుపు వచ్చింది.

అడిగింది చిన్నపొన్ను. గుడియాత్తం వీధుల్లో ముళ్ళ వంకాయలు అమ్ముతుంది, సరుకు కోసం వేలూరు వచ్చిపోతూ ఉంటుంది. తాతముత్తాతల నుంచి ఇంట్లో తెలుగే గానీ ఒక్క అక్షరం చదవడం రాదు. మాట మధ్యలో అరవంలోకి పోయి, కాసేపటికి తిరిగొస్తుంది. పెంచలమ్మ చెప్పిందంతా విని, కొంగుతో మొహం తుడుచుకుని పక్కన కూర్చుంది.

“పట్టుచీర, కాట్పాడి రైలు అంటే అది రంజితం పనే అక్కా. సముద్రం అవతల ఫిజీ అని దీవంట. ఆడ చెరుకు తోటల్లోకి కూలోళ్ళు కావాల. మొగోళ్ళ లెక్కకి తగ్గట్టు ఆడోళ్ళు కూడా ఉండాలని రూలంట. అందుకని దిక్కులేని ఆడోళ్ళని చూసి పట్టకపోతారు.”

“నా కోడలు దిక్కులేనిదా? నేను లేనా?”

“అది నీకు తెలుసు. ఆ పిల్లకి ఏం చెప్పినారో.”

పోలీసులకు చెబుదామంది పెంచలమ్మ. చిన్నపొన్ను తల అడ్డంగా ఊపింది.

“తనిష్టంతో వచ్చిందంటారు. లైసెన్సు ఉండాది వాళ్ళకి. ఓడెక్కించే ముందు కచ్చేరిలో దొర ముందర నిలబెట్టి అడుగుతారు, ఇష్టపడే పోతుండావా అని. ఆమా, అవునని అనిందంటే ముగిసిపాయ. లేదు అనిందంటే ఎవురూ తోలకపోలేరు. ఆ మాట అడిగేలోపల ఆ పిల్ల నిన్ను చూడాల.”

“యాడుండాదో తెలిస్తే కదా.”

“గుడియాత్తంలోనే ఏదో ఇంట్లో పెట్టుంటారు. ఇల్లు మారస్తానే ఉంటారు. నాతో రా అక్కా. గంప ఎత్తుకో. గంపకి తెరవని వాకిలి లేదు.”

అట్లా గుడియాత్తంలో పెంచలమ్మ నెత్తి మీదికి వంకాయల గంప వచ్చింది. చిన్నపొన్ను ముందు, ఆమె వెనక. నడుస్తూనే చిన్నపొన్ను వీధుల్ని ఒక్కొక్కటిగా ఆమెకు అప్పజెప్పింది. నేతవీధిలో పడుగు చాపి ఉన్నప్పుడు గట్టిగా కేకెయ్యకూడదు. కేక దారాల్లో చిక్కుకుందంటే సాయంత్రం దాకా విడిపడదు, నేతగాడు గంజి కుంచె పట్టుకుని వెంటపడతాడు. సాయిబుల వీధిలో గుమ్మం తెర వైపు చూడకూడదు. గంప తెర కింద పెట్టి అటు తిరిగి నిలబడితే, లోపలి నుంచి ఒక చెయ్యి వచ్చి కాయలు ఏరుకుంటుంది. ఆ చెయ్యి పుచ్చిన కాయను ఎప్పుడూ తీసుకోదు. దీపాలు పెట్టాక ఎవరింటి ముందూ ఉప్పు మాట ఎత్తకూడదు.

గంగమ్మ పండగ దగ్గర పడుతోంది. ఆ ఊళ్ళో అమ్మవారి శిరసు ఒక్కటే ఊరేగుతుందని, ఒళ్ళు గుళ్ళో ఎదురుచూస్తూ ఉంటుందని, శిరసు వచ్చి ఒంటి మీద కూర్చునే గడియకు ఊరంతా ఊపిరి బిగబడుతుందని టెంకాయలమ్మే ముసలాయన పెంచలమ్మకు చెప్పాడు. ఆమెకు అరవం అర్థం కాక మళ్ళీ చెప్పమంటే, ఆయన ఒక టెంకాయను తీసి బోడి కొయ్య మీద నిలబెట్టి చూపించాడు. పెంచలమ్మ చేతులు జోడించింది. ఆ తర్వాత వచ్చీరాని మాటలతో, చెయ్యి తన భుజం దాకా ఎత్తి, ఇంత పొడుగు పిల్ల, నెల్లూరు పిల్ల, చూశారా అని అడిగింది. మజ్జిగామెను అడిగింది, ఉప్పు బస్తాల గాడిదను తోలే మనిషిని అడిగింది. వాళ్ళు ముందు ఆమె తిన్నదో లేదో అడిగేవారు, ఆ తర్వాత చూడలేదని చెప్పేవారు.

ఈలోపు ఆమె కేక మాత్రం సాగలేదు. “వంకాయలో” అని ఎంత గట్టిగా అరిచినా అది పెదవి దాటి కాళ్ళ దగ్గర పడిపోయేది. ఎవరూ బయటికి వచ్చేవారు కాదు.

“నువ్వు అమ్మడం లేదక్కా, వెతుకుతుండావు” అంది చిన్నపొన్ను. “వెతికే కేకకి కాళ్ళు రావు. ఎవురికి ఏం కావాల్నో అది మనసులో పెట్టుకుని కేకెయ్యి. అప్పుడు పోతాది.”

“నా కోడలు యాడుందో తెలీకుండా ఉంటే, ఊరోళ్ళకి ఏం కావాలో నాకెందుకు?”

“ఎందుకంటే ఊరోళ్ళ చెవులకి పోని కేక, నీ కోడలి చెవికి ఎట్ల పోతాది?”

పెంచలమ్మకు కోపం వచ్చింది. మర్నాడు నేతవీధి చివర, మగ్గం గుంత పక్కన కూర్చుని కక్కుకుంటున్న చూలాలు ఒకతి కనబడింది. ఏదీ ఇమడటం లేదట. ఆ వీధి దాటాక కూడా ఆ పిల్ల మొహమే కళ్ళలో ఉంది. నిప్పుల్లో కాల్చిన వంకాయ, కాస్త ఉప్పు, పచ్చిమిరపకాయ, దీనికైతే ఇముడుతుందే అనుకుంటూ, అనుకోకుండానే “వంకాయలో” అంది. ఈసారి కేక కింద పడలేదు. ఆమె నోటి ముందు కాస్త తడబడి, నిలదొక్కుకుని, మలుపు తిరిగి నేతవీధిలోకి పోయింది. కాసేపటికి ఆ చూలాలి అత్త రొప్పుకుంటూ వచ్చి, “నెల్లూరామె కేక మా యింటికి వచ్చినాది” అని వంకాయలు ఒళ్ళో పోయించుకుంది.

ఆమె కేక బతికిందని ఊళ్ళో తెలిసింది. తెలియకూడని వాళ్ళకూ తెలిసింది.

ఆ మధ్యాహ్నమే ఒకాయన గొడుగు వేసుకుని వచ్చాడు. తెల్లకోటు, నున్నగా దువ్విన తల, నవ్వు మొహం. గంప ముందు గొంతుక్కూర్చుని ఒక్కొక్క కాయే వెలుతురుకు తిప్పి చూస్తూ ఏరసాగాడు.

“నెల్లూరు మాటలాగుండాదే పెద్దమ్మా. ఎవురినో వెతుకుతుండారంట.”

“నా కోడల్ని నాయనా.”

“చెప్తే బాధపడతారు. బెంగుళూరు రైల్లో ఎవురో మొగోడి పక్కన చూసినోళ్ళుండారు. ఈ కాలం పిల్లలంతే. ఎండలో ఎందుకు ఈ పాట్లు? మీ ఊరికి పోయే రైలుకి టిక్కెట్టు నేను కొనిస్తాను. సాయంత్రం రైలుకే పోండి.”

ఆయన కళ్ళు నవ్వడం లేదని పెంచలమ్మ అప్పుడు చూసింది. “ఆలోచిస్తా నాయనా” అంది. ఆయన తలూపి లేచి, గొడుగు సర్దుకుని వెళ్ళిపోయాడు. అంత శ్రద్ధగా ఏరిన కాయలు గంప అంచు మీదే ఉండిపోయాయి.

ఆయన మలుపు తిరిగాక చిన్నపొన్ను మెల్లగా అంది. “ధనపాల్. రంజితం తమ్ముడు. టిక్కెట్టు కొనిస్తానన్నాడంటే పిల్ల ఈ ఊళ్ళోనే ఉండాది. అదీ ఇంకొన్నాళ్ళే ఉంటాది.”

ఎండ తగ్గే వేళకు వీధుల్లో తిరిగేవాళ్ళంతా ఏటి గట్టు మలుపులో గంపలు దించుకుని కాళ్ళు చాపుకుంటారు. ఆ రోజు చిన్నపొన్ను జరిగింది చెప్పింది. అందరూ విన్నారు. గాజుల చెంగల్రాయలు గాజులు గుచ్చిన మలారం తాళ్ళు బిగించుకుంటూ మాటందుకున్నాడు. ఊళ్ళో ఆడవాళ్ళందరి మణికట్లూ ఆయనకు కొలతతో సహా తెలుసు.

“గట్టు కింద మిద్దె ఇల్లుండాదే, సున్నం రాలిపోయిండేది. లోపల ఆడోళ్ళ గొంతులు గుంపుగా వినబడతాయి. అంతమంది ఉండి, ఒక్కనాడన్నా నన్ను పిలవలేదు. పెళ్ళిల్లయితే గాజులాయన్ని పిలస్తారు, సావిల్లయితే ఏడస్తారు. రెండూ లేవు. పైగా పొద్దస్తమానం తిరగలి తిప్పుతానే ఉంటారు. పిండి అమ్మే ఇల్లు కాదే అది, ఎందుకబ్బా అనుకుంటా ఉంటి.”

చిన్నపొన్ను గంప ఎత్తుకుంది. “కేక లోపలికి రాకుండా తిప్పుతుండారు.”

ఇద్దరూ ఆ ఇంటి ముందుకు పోయేసరికి తిరగలి చప్పుడు గోడల్లోంచి వస్తూనే ఉంది. పెంచలమ్మ గొంతు సవరించుకుని కేకేసింది. కేక తిన్నగా పోయింది. గోడ దగ్గరికి పోయాక ఆ గరగరలో పడి దారి తప్పింది. కిటికీ కింద గుండ్రంగా తిరిగి, తూలుతూ ఆమె కాళ్ళ దగ్గరికే వచ్చి పడింది. ఇంకోసారి వేసింది. అదీ అంతే. మూడోసారి నోరు తెరిచేసరికి తలుపు తెరుచుకుని ధనపాల్ బయటికి వచ్చాడు. ఈసారి మొహంలో కూడా నవ్వు లేదు.

“టిక్కెట్టు కొనిస్తానన్నాను కదా.”

“నా కోడల్ని ఒక్కసారి చూపించు నాయనా. నీ కాళ్ళు పట్టుకుంటా.”

“ఆ పిల్లకి నీ మొగం చూడటం ఇష్టం లేదు. పీడ వదిలిందని నెమ్మదిగా తిని నిద్రపోతుండాది. ఈ వీధిలో ఇంకోసారి గంప కనబడిందంటే, నాతో పోయేది కాదు, మనుషులు వచ్చి మాట్లాడతారు.” చిన్నపొన్ను వైపు తిరిగాడు. “నీకు కూడా చెప్తుండాను. ఊళ్ళో గంప తిప్పుకుని బతికేదానివి.”

తలుపు మూసుకుంది. తిరగలి ఇంకా వేగంగా తిరిగింది. ఇద్దరూ చిన్నపొన్ను ఇంటికి వచ్చారు. “నువ్విక నా వెంట రాబాకు” అంది పెంచలమ్మ. చిన్నపొన్ను విననట్టే పొయ్యి రాజేసింది.

మర్నాడు చెంగల్రాయలు బండివాళ్ళ దగ్గర విని వచ్చాడు. మూతబండ్లు మాట్లాడారు, పొద్దు వాలకముందే బయలుదేరతాయి, తెల్లవారాక రాయవేలూరు కచ్చేరిలో అడుగుతారు, ఆ పగలే మద్రాసు రైలు. చిన్నపొన్నుకు సరుకు తెచ్చే బండి వేలూరుకు ఖాళీగా పోతోంది. ఉన్న వంకాయలన్నీ ఒక గంపకెత్తి ఇద్దరూ దాంట్లో ఎక్కారు. పళ్ళికొండ దగ్గర ఎద్దులకు నీళ్ళు పెట్టేటప్పుడు, మూతబండ్లు వాళ్ళను దాటి పోయాయి. తడికలు కట్టిన బండ్లలోంచి ఎవరిదో దగ్గు వినబడింది. పెంచలమ్మ బండి దిగి పరిగెత్తబోతే చిన్నపొన్ను చెయ్యి పట్టుకుంది. ముందు బండి నొగల మీద ధనపాల్ కూర్చుని ఉన్నాడు.

వాళ్ళు కచ్చేరి చేరేసరికి ఎండ గోడల మీదికి ఎక్కింది. లోపల అరుగు మీద మనుషులు వరసగా నిలబడ్డారు. ఆ వరసలో, చివరికి దగ్గరగా, తలొంచుకుని కామాక్షి. చిక్కిపోయింది. పెంచలమ్మ గేటు ఊచలు పట్టుకుని “కామాక్షీ” అని పిలిచింది. జట్కాల చప్పుడులో, ప్లీడర్ల గుమాస్తాల గోలలో ఆ పిలుపు ఎటు పోయిందో తెలియలేదు. ధనపాల్‌కు మాత్రం వినబడింది. వచ్చి బంట్రోతు చెవిలో ఏదో చెప్పాడు. గంపలవాళ్ళు లోపలికి రాకూడదని బంట్రోతు కర్ర అడ్డం పెట్టి, ఇద్దరినీ రోడ్డు అవతలికి తోలాడు.

వరస లోపలికి కదిలింది. పెంచలమ్మ కేకేసింది, “వంకాయలో, లేత వంకాయలో” అని. కేక బాగానే లేచింది. కానీ అది వేలూరు బజారు, అందులో వంట వేళ. గేటు దాకా పోకముందే దారిలో ఎవరో దాన్ని అందుకున్నారు. ఒక వంటమనిషి సంచీ పట్టుకుని వచ్చి, కేక వచ్చింది, కాయలు చూపించమంది. చిన్నపొన్ను తిట్టుకుంటూ ఆమెకు కాయలు పోసింది. రెండో కేకను ఒక జట్కావాడు అందుకున్నాడు. లోపల ఒక పేరు పిలిచారు, ఒకతి లోపలికి పోయింది. ఇంకో పేరు పిలిచారు.

“అందరికీ కావాల్సింది అరిస్తే అందరూ వస్తారక్కా” అంది చిన్నపొన్ను. “ఆ పిల్లకి తప్ప ఇంకెవురికీ అక్కర్లేనిది ఏదన్నా ఉంటే, అది అమ్ము.”

పెంచలమ్మ కళ్ళు మూసుకుంది. ఏముంది? నగలా, పొలమా? వంకాయ కూర వండిన రోజున అత్తాకోడళ్ళు ఇద్దరూ పోట్లాడుకునేది ఒక్క దాని కోసమే. కూర ఎవరైనా తినొచ్చు, పులుసు దిగిన తొడిమలు మాత్రం నావంటే నావని. ఊళ్ళో నవ్వేవారు, పశువులు తినేదాని కోసం కొట్టుకుంటారని. కొడుకు ఉన్నప్పుడు తొడిమలు లెక్కపెట్టి ఇద్దరికీ పంచేవాడు.

ఆమె నోరు తెరిచింది. “వంకాయలో, లేత వంకాయలో, తొడిమలన్నీ నీకేలే కామాక్షీ.”

గొంతు చివర్న పగిలింది. కేక రోడ్డు దాటింది. సంచులు పట్టుకున్న ఆడవాళ్ళు తలెత్తి చూసి, మనది కాదని పక్కకు తప్పుకున్నారు. బంట్రోతు అలవాటు కొద్దీ కర్ర చంకన పెట్టుకుని దారి ఇచ్చాడు. కేక మెట్లెక్కి లోపలికి పోయింది.

లోపల జరిగింది కామాక్షి తర్వాత చెప్పింది. తిరుపతిలో బిందె దించి నిలబడినప్పుడు రంజితం వచ్చి, మీ అత్త స్టేషన్‌కు పోయింది, నిన్ను తీసుకురమ్మంది అని రైలు దగ్గరికి నడిపించిందట. కాట్పాడిలో దిగాక మాట మార్చింది. మీ అత్త నెల్లూరు రైలెక్కి ఎప్పుడో పోయింది, కొడుకే పోయాక నువ్వెందుకు ఆమెకు అంది. కామాక్షి మొదట నమ్మలేదు. ఏడ్చింది, అన్నం మానేసింది. కానీ పొద్దస్తమానం ఆ తిరగలి చప్పుడు తప్ప ఇంకేమీ వినబడని ఇంట్లో, రోజూ అదే మాట చెబుతూ ఉంటే, ఒక రోజు నమ్మేసింది. ఆ తర్వాత ఎక్కడికి పంపినా ఒకటే అనిపించిందట.

గుమాస్తా తెలుగులో అడిగాడు, ఇష్టపడే పోతున్నావా అని. రంజితం నేర్పిన ‘ఆమా’ అనే మాట నాలుక మీదికి వచ్చింది. అప్పుడు కేక గుమ్మం దాటి వచ్చింది. దొర కలం పైకెత్తి ఆగాడు. గుమాస్తా ఆగాడు. పంకా తాడు లాగేవాడు చెయ్యి వదులు చేశాడు. కేక ఒక్కొక్కరినీ దాటుకుంటూ కామాక్షి ముందుకు వచ్చి నిలబడింది.

నెల్లూరు రైలెక్కిన మనిషి వేలూరు రోడ్డు మీద వంకాయలెందుకు అమ్ముతుంది అని కామాక్షి అనుకుంది. ఆ ఒక్క ఆలోచనతో ఇన్నాళ్ళూ చెప్పిందంతా చెదిరిపోయింది.

“పోను” అంది.

గుమాస్తా మళ్ళీ అడిగాడు.

“పోను. బయట మా అత్త ఉంది.”

దొర ఆమె పేరు కొట్టేశాడు. రంజితం ఏదో చెప్పబోతే, దొర కలంతో గుమ్మం వైపు చూపించాడు, దారి వదలమని.

కామాక్షి రోడ్డు దాటి వచ్చింది. ఎండకు నల్లబడి, చీర పైకి దోపి, తలకు చుట్టకుదురు పెట్టుకున్న అత్తను పైనుంచి కిందిదాకా చూసింది. “ఏందత్తా ఇదంతా” అంది. పెంచలమ్మకు గొంతు పూర్తిగా పోయింది. కోడలి రెండు చేతులూ పట్టుకుని, వేళ్ళన్నీ ఉన్నాయో లేదో చూసుకుంటున్నట్టు తడిమింది. చిన్నపొన్ను అటు తిరిగి గంప సర్దింది.

“పదండి, సీక్రం పోదాం” అంది చిన్నపొన్ను, కచ్చేరి వైపు చూసి. “వాడు బయటికి వచ్చేలోపల.”

కామాక్షి కదల్లేదు. “లోపల వల్లి ఉందత్తా. నా వెనకే నిలబడింది.”

వల్లిది ఆలంగాయం దగ్గర కొండ కింది పల్లె. తల్లీ తండ్రీ లేరు. తెలుగు రాదు, కామాక్షికి అరవం రాదు. ఆ ఇంట్లో ఇద్దరూ సైగలతోనే కలిసి బతికారు. కామాక్షి కచ్చేరి వైపు తిరిగి “వల్లీ” అని పిలిచింది. ఆ పిలుపు కూడా జట్కాల చప్పుడులో పోయింది.

పెంచలమ్మ బొంగురుపోయిన గొంతుతో, “అట్లా పిలిస్తే పోదు. గంప ఎత్తుకో” అంది.

“నేనా? నాకేం తెలుసు?”

“నాకు మాత్రం ఏం తెలిసింది? ఆ పిల్లకి ఏం కావాలో నీకు తెలుసు గదా. వంకాయ అంటే తెలీదు దానికి. కత్తిరికాయ అను.”

చుట్టకుదురు కోడలి తల మీదికి మారింది. కామాక్షి ఒక కేక వేసింది. అది కాళ్ళ దగ్గర పడింది. లోపల గుమాస్తా పేరు పిలవడం వినబడింది, వల్లి అని. కామాక్షి మొహం తెల్లబోయింది. ఆ పిల్ల రాత్రిళ్ళు తన కొంగు పిడికిట్లో పట్టుకుని నిద్రపోవడం, మెలకువ వచ్చినప్పుడల్లా కొంగు ఉందో లేదో లాగి చూసుకోవడం గుర్తొచ్చింది. చిన్నపొన్ను వైపు తిరిగి అడిగింది, “మా ఇంట్లో చోటుంది అని అరవంలో ఎట్లా చెప్పాలి?”

చిన్నపొన్ను చెప్పింది. కామాక్షి ఒకసారి పెదవులతో అనుకుని చూసుకుంది.

“కత్తిరికాయో, కత్తిరికాయో, ఎంగ వీట్ల ఎడం ఇరుక్కు వల్లీ.”

మాట వంకరగా వచ్చింది, అరవం వాళ్ళెవరూ అట్లా అనరు. కేక మాత్రం నిలబడింది. రోడ్డు దాటింది, మెట్లెక్కింది. ముగ్గురూ ఊపిరి బిగబట్టి చూశారు. లోపలినుంచి ఏ చప్పుడూ రాలేదు. ధనపాల్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు, దారి మూసేసినట్టు. తర్వాత ఎవరో లోపలినుంచి గట్టిగా ఒక మాట అన్నారు. ధనపాల్ పక్కకు జరిగాడు.

అతని పక్కనుంచి సన్నటి పిల్ల ఒకతి బయటికి వచ్చింది. ఎండకు కళ్ళు చిట్లించి, రోడ్డు అవతల గంప కింద నిలబడ్డ కామాక్షిని చూసి, పరిగెత్తకుండా, తప్పుగా అడుగేస్తే ఎవరో వెనక్కి పిలుస్తారన్నట్టు జాగ్రత్తగా నడిచి వచ్చింది. కుడిచెయ్యి ఒంటికి దూరంగా పట్టుకుంది. గుమాస్తా తొందరకొద్దీ వేలిముద్రకని ముందే సిరా పూసేశాడు. బొటనవేలు నల్లగా, తడిగా, ఎక్కడా అద్దకుండా ఉంది.

కామాక్షి గంప దించింది. వల్లికి ఏం చెయ్యాలో తెలియక నిలబడిపోయింది.

“కేక విని వచ్చినావు కదా, ఒక కాయ ఎత్తుకో” అని చిన్నపొన్ను అరవంలో చెప్పింది.

వల్లి వంగి, తొడిమ ముళ్ళు గుచ్చుకోకుండా ఒక లేత కాయ తీసుకుంది. నున్నటి ఊదారంగు తోలు మీద బొటనవేలి గీతలన్నీ అచ్చుగా పడ్డాయి. నలుగురూ వాటినే చూశారు. వల్లి తప్పు చేసినట్టు కాయను వెనక్కి పెట్టబోయింది.

“పరవాలేదులే, కడిగితే పోతాది” అని చిన్నపొన్ను గంప అందుకుంది.